ఎస్ఎంటీపీకే ఓఆథ్ తగిలించాలా, గ్రాఫ్ ఏపీఐకి మారిపోవాలా?

ఆఫీసు యాప్ నుంచి ఇన్‌వాయిస్‌లు, పేస్లిప్పులు మెయిల్ చేసే పాత కోడ్ మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది, కాన్ఫిగ్ ఫైల్లో ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్, పోర్ట్ 587, అంతే, ఏళ్ల తరబడి ఎవరూ దాని జోలికి పోయి ఉండరు. తన మెయిల్ సర్వీస్ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్లో, మెయిల్ అందుకునే ఐమ్యాప్, పాప్ లాంటివాటికి పాస్‌వర్డ్ లాగిన్‌ని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచే తీసేస్తూ వచ్చింది, మెయిల్ పంపే ఎస్ఎంటీపీని మాత్రం అప్పుడు వదిలేసింది. దాన్ని కూడా తీసేస్తామని 2024లో చెప్పి, ముందు 2025 సెప్టెంబర్ అన్నారు, తర్వాత వాయిదా వేశారు. వాయిదా పడింది కదా అని కూర్చోకండి, ఆపేసిన రోజు 550 5.7.30 అనే ఎర్రర్ వస్తుంది, అప్పుడు హడావుడిగా కోడ్ మార్చడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

ఎస్ఎంటీపీనే ఉంచి ఓఆథ్ పెట్టుకుంటే కోడ్‌లో మార్పు తక్కువ, పాస్‌వర్డ్ బదులు కాసేపే చెల్లే టోకెన్ పంపితే చాలు, ఓఆథ్ అంటే అదే, జావా మెయిల్ లాంటి లైబ్రరీల్లో దీనికి సపోర్ట్ ఎప్పటినుంచో ఉంది. కష్టమంతా సెటప్‌లోనే. యాప్‌కి పర్మిషన్ ఇస్తే సరిపోదు, పవర్‌షెల్‌లో సర్వీస్ ప్రిన్సిపల్‌ని, అంటే మీ కంపెనీ అకౌంట్‌లో ఆ యాప్‌కి ఉండే గుర్తింపుని, ఎక్స్ఛేంజ్‌కి విడిగా రిజిస్టర్ చేయాలి, ఆ మెయిల్‌బాక్స్ మీద హక్కు ఇవ్వాలి. అక్కడ అడిగే ఆబ్జెక్ట్ ఐడీ మైక్రోసాఫ్ట్ ఎంట్రా పోర్టల్‌లో ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్ పేజీలోది, యాప్ రిజిస్ట్రేషన్స్ పేజీలో కనిపించేది కాదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మేం తప్పుది పెట్టి లాగిన్ కుదరలేదనే 535 ఎర్రర్ చూస్తూ రోజున్నర పోగొట్టుకున్నాం.

గ్రాఫ్ ఏపీఐ అంటే మైక్రోసాఫ్ట్ సర్వీసుల్ని వెబ్ రిక్వెస్ట్‌లతో వాడుకునే దారి, అందులో ఆ తంతు లేదు, మెయిల్.సెండ్ పర్మిషన్ ఇచ్చి అడ్మిన్ ఓకే అంటే పని మొదలు, మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్ట్ కాబట్టి ఫైర్‌వాల్ టీమ్‌ని బతిమాలాల్సిన పని కూడా లేదు, పైగా మీ కోడ్ తయారుచేసే మైమ్ మెయిల్‌ని (అటాచ్‌మెంట్లతో సహా మెయిల్ మొత్తం ఉండే ఫార్మాట్) బేస్64లోకి, అంటే మామూలు అక్షరాల్లోకి మార్చి అలాగే పంపొచ్చు. కానీ ఒక్కటి, ఆ పర్మిషన్ కంపెనీలో ఏ మెయిల్‌బాక్స్ నుంచైనా పంపనిస్తుంది, ఎండీ గారి పేరుతో కూడా! ఏ మెయిల్‌బాక్స్‌కి పరిమితమో ఎక్స్ఛేంజ్ వైపు కట్టడి చేశాకే లైవ్‌కి వెళ్లండి. 3 ఎంబీ దాటిన అటాచ్‌మెంట్‌కి అప్‌లోడ్ సెషన్ అని వేరే దారి, ఆ కోడ్ అదనం.

నన్నడిగితే గ్రాఫే. కోడ్ చేతిలో లేని, వెండర్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అయితే మాత్రం ఎస్ఎంటీపీ ఓఆథ్‌తో సర్దుకోవాల్సిందే. చాలా పాత స్కానర్లు, ప్రింటర్లకి ఈ రెండూ రావు, వాటికి ఎక్స్ఛేంజ్‌లో మారని (స్టాటిక్) ఐపీ అడ్రస్‌తో కనెక్టర్ పెట్టి, దాని మీదుగా మెయిల్ రిలే చేయడం మేలు.

ఏది ఎంచుకున్నా టోకెన్ కోసం యాప్ చూపించే రహస్య కోడ్, అంటే క్లయింట్ సీక్రెట్‌కి గడువు ఉంటుంది, పోర్టల్‌లో గరిష్ఠంగా 24 నెలలే. మాది ఒక నెలాఖరు రాత్రి అయిపోయింది, 1వ తారీఖు పొద్దున పేస్లిప్పులు ఎవరికీ వెళ్లలేదు, అకౌంట్స్‌లో అక్క ఫోన్ చేసేదాకా మాకు తెలియదు, హోమ్ లోన్ కోసం స్లిప్ కావాల్సిన కుర్రాడు పాపం బ్యాంకులో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు సర్టిఫికెట్‌కి మారాం, దాని గడువుకి నెల ముందు రిమైండర్ మా టీమ్‌తో పాటు ఆ అక్కకి కూడా వెళ్తుంది.