స్పిట్‌ఫైరా, హరికేనా, మస్కీటోనా: ఇంగ్లండులో మూడు విమాన ప్రదర్శనశాలలు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన విమానాలన్నిటిలో గొప్పది ఏదన్న వాదన మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తోంది. మా బావమరిదిది స్పిట్‌ఫైర్ పక్షం, నాది హరికేన్ పక్షం; రెండూ బ్రిటన్ ఫైటర్ విమానాలే. ఆయన ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్నందువల్ల, వేసవిలో మేమక్కడికి వెళ్ళినప్పుడు ఆ విమానాలను దగ్గరగా చూడగల మూడు చోట్లు చుట్టివచ్చాం. మూడూ చూశాక తేలిందేమిటంటే, ప్రతి ప్రదర్శనశాలా ఏదో ఒక విమానం తరఫున వకాల్తా పుచ్చుకునే ఉంటుంది. కాబట్టి ఏ ఒక్కచోటు మాత్రమే చూసి తీర్పు చెప్పడం తగదు.

హైదరాబాదు వాళ్ళకు ఈ వాదనలో మరో చిక్కు కూడా ఉంది. నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అనీ, 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ అనీ పేర్లు పెట్టారు. 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధంలో మొదటిది డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో, రెండోది లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీ నుంచి హరికేన్లతో పోరాడాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగానే ఉంటుంది. అందువల్ల ఊరి అభిమానంతో ఎటువైపు మొగ్గుదామన్నా కుదరదు.

మొదట హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వెళ్ళాం. నార్తర్న్ లైన్‌లో కాలిండేల్ స్టేషన్‌లో దిగి కొద్ది దూరం నడిస్తే చాలు. ప్రవేశం ఉచితం, కారులో వచ్చేవారు మాత్రం పార్కింగ్‌కు చెల్లించాలి. ఇక్కడ అందరి చూపూ లాంకాస్టర్ బాంబర్ మీదే నిలుస్తుంది. ఆర్5868 అనే ఈ విమానం 137 దాడులలో పాల్గొని నిలిచింది. ముక్కు పక్కన దాడికొకటి చొప్పున చిన్న బాంబు బొమ్మలు వరుసలు తీరి ఉంటాయి, వాటి కింద శత్రువిమానమేదీ జర్మనీ మీదికి రాజాలదన్న జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ ప్రగల్భాన్ని వెటకారంగా రాసిపెట్టారు. మోసిన బరువే కొలమానమైతే ఐరోపా రంగంలో దీనికి సాటి రాగలవి తక్కువ. పది టన్నుల గ్రాండ్ స్లామ్ బాంబును యుద్ధంలో మోసింది ఇదే. అయితే బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది ప్రాణాలు కోల్పోయారనీ, ఆ బాంబుల కింద జర్మన్ నగరాలు తగలబడ్డాయనీ గుర్తుకు వస్తే, గొప్పది అన్న మాట ఇక్కడ నోటికి అంత సులువుగా రాదు.

అదే ప్రాంగణంలో లిబరేటర్ అనే అమెరికా తయారీ బాంబర్ ఒకటి ఉంది. ఇది భారత వైమానిక దళం 1968 వరకు నడిపిన లిబరేటర్లలో ఒకటి, 1974లో మన దేశం నుంచే బహుమతిగా వెళ్ళింది. మన సందర్శకులు చాలామంది లాంకాస్టర్ దగ్గర ఫోటోలు తీసుకుని దీన్ని చూడకుండానే సాగిపోతుంటారు.

హెండన్ కోసం మేము వెంబ్లీలో బస చేశాం. గది ఇరుకు, కిటికీ తెరిస్తే రోడ్డు రొద. అయినా ఈలింగ్ రోడ్డులో గుజరాతీ, దక్షిణాది భోజనశాలలు దగ్గరలోనే ఉండటంతో శాకాహారులకు ఏ ఇబ్బందీ ఉండదు. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజుల్లో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి కనుక తేదీలు చూసుకుని కుదుర్చుకోవాలి.

సెయింట్ ఆల్బన్స్ దగ్గర సాలిస్‌బరీ హాల్ ఆవరణలో ఉన్న డి హావిలాండ్ మ్యూజియం మూడింటిలోనూ చిన్నది, నాకు అన్నిటికన్నా నచ్చినదీ అదే. సెయింట్ పాంక్రస్ నుంచి సెయింట్ ఆల్బన్స్‌కు వేగంగా వెళ్ళే రైలులో ఇరవై నిమిషాలు పడుతుంది, అక్కడి నుంచి టాక్సీ తీసుకోవాలి. ఏడాది పొడవునా తెరిచి ఉండదు కాబట్టి వేళలు ముందే కనుక్కుని వెళ్ళడం మంచిది. మస్కీటో విమానానికి రూపకల్పన జరిగింది ఈ భవనంలోనే. 1940 నవంబరు 25న హాట్‌ఫీల్డ్‌లో తొలిసారి గాలిలోకి లేచిన ఆ మొదటి నమూనా ఇప్పటికీ ఇక్కడ పసుపురంగు పొట్టతో నిలబడి ఉంది. తేలికైన బాల్సా చెక్కకు రెండువైపులా బర్చ్ ప్లైవుడ్ అతికించి, ఒడలిని నిలువునా రెండు సగాలుగా తయారుచేసి, లోపలి తీగలూ గొట్టాలూ చాలావరకు బిగించిన తరువాత కలిపేవారట. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పద్ధతిని చెక్క ముక్కలు చేతికిచ్చి మరీ వివరించారు. అంతటి ఓపిక పెద్ద ప్రదర్శనశాలల్లో దొరకదు. ఆత్మరక్షణకు తుపాకులు లేకుండా వేగాన్నే నమ్ముకున్న బాంబర్, అదే విమానం నిఘాకూ, రాత్రిపూట వేటకూ పనికివచ్చింది. ఇక్కడ మా ఇద్దరి పక్షాలూ కాసేపు సడలాయి. కానీ 1944లో భారత్, బర్మా రంగంలో ఈ విమానాలు కొన్ని గాలిలోనే విరిగిపోవడంతో మస్కీటోలను కొంతకాలం నేలకు దించవలసివచ్చింది. ఆ ఒక్క కారణంతో నేను నా పాత పక్షానికి తిరిగి వచ్చాను.

మూడోది డక్స్‌ఫర్డ్ విమాన మైదానంలోని ఇంపీరియల్ వార్ మ్యూజియం. అక్కడికి లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కాలి. విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వేలో దిగాక నడవదగినంత దగ్గర కాదు, టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. మేము కేంబ్రిడ్జ్‌లో ఒక వృద్ధ దంపతులు నడిపే అతిథిగృహంలో దిగాం. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, కానీ మాంసం ముట్టమని చెబితే పుట్టగొడుగులు, చిక్కుడు గింజలు, టమాటాలతో వేరుగా ఉపాహారం చేసిపెట్టారు. డక్స్‌ఫర్డ్ టికెట్టు ఖరీదైనదే, అయినా రోజంతా సరిపోయేంత ఉంది. హ్యాంగర్లు రన్‌వే పొడవునా పరుచుకుని ఉంటాయి, గాలి విపరీతం, మంచి బూట్లు తప్పనిసరి. నార్మన్ ఫాస్టర్ రూపొందించిన అమెరికన్ భవనం దగ్గర గాజు పలకల మీద బ్రిటన్ స్థావరాల నుంచి వెళ్ళి తిరిగిరాని 7,031 అమెరికా విమానాల రూపాలు చెక్కి ఉంచారు. అమెరికా బాంబర్ బీ-17 గొప్పదని వాదించేవారు ముందుగా ఇది చూడాలి.

స్పిట్‌ఫైర్ తొలిసారి స్క్వాడ్రన్‌లో చేరింది ఈ మైదానంలోనే, 1938 ఆగస్టులో. బావమరిది ముఖం వెలిగిపోయింది. రెండు సీట్ల స్పిట్‌ఫైర్‌లో ఇక్కడి నుంచి విహరించవచ్చు గాని, ధర వేల పౌండ్లలో ఉంటుంది. నేను ఆయనను రెండు విమానాల చక్రాలు పోల్చి చూడమన్నాను. హరికేన్ చక్రాలు ఎడంగా ఉండి లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి గతుకుల నేల మీద నిలకడగా దిగుతుంది. స్పిట్‌ఫైర్ కాళ్ళు దగ్గరగా ఉంటాయి. హరికేన్ వెనుక సగం ఉక్కు గొట్టాల మీద గుడ్డ కప్పిన కట్టడం కనుక తూటా రంధ్రాలను స్థావరంలోనే అతికేవారు. 1940లో ఎక్కువ సంఖ్యలో పోరాడిందీ, ఎక్కువ జర్మన్ విమానాలను కూల్చిందీ హరికేన్లే.

ఆ తరువాత దానిలో ఎదుగుదల లేదనీ, స్పిట్‌ఫైర్ మాత్రం యుద్ధం ముగిసేదాకా కొత్త ఇంజన్లతో మెరుగవుతూ వచ్చిందనీ ఆయన అన్నారు. అది కాదనలేని మాట. అయితే 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలోని మన 1వ స్క్వాడ్రన్ జపాన్ సేనల కదలికలను కనిపెట్టిందీ, వారిపై దాడులు చేసిందీ ఈ పాతబడిన హరికేన్లతోనే.