ప్రసంగం నేర్చుకోవాలంటే మెదక్ ఒక్కటే చాలదు, డోర్నకల్ కూడా వెళ్లండి

సంఘంలో వాక్యం చెప్పే, అంటే బైబిలు మీద ప్రసంగించే మాలాంటివాళ్లు చర్చిలు చూడాలనుకుంటే ముందు మెదక్కే వెళ్తారు. తప్పకుండా వెళ్లండి, కానీ వాక్యం చెప్పే పద్ధతి గురించి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం డోర్నకల్ చర్చి.

మెదక్‌కి సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి బస్సులున్నాయి. బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాను, గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లకి మాత్రం రెండుసార్లు కిందికి వెళ్లి అడగాల్సి వచ్చింది. క్రిస్మస్ రోజుల్లో గది దొరుకుతుందని నమ్ముకోవద్దు. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఇంగ్లండు మిషనరీ పోస్నెట్ దొరగారు మొదలుపెట్టిన ఈ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. లోపల రంగుటద్దాల కిటికీలు మూడు: యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం (పరలోకానికి వెళ్లడం). ఒక్కో కిటికీలో ఒక్కటే సంగతి, చదువు రానివాళ్లకి కూడా అర్థమైపోతుంది. మనమేమో ఒక్క ప్రసంగంలోనే బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం నుంచి చివరి పుస్తకం ప్రకటన దాకా వచనాలు తిప్పించి జనాన్ని అలసగొడుతున్నాం, ఇంటికెళ్లాక అయ్యగారు ఏం చెప్పారంటే ఎవరికీ గుర్తుండదు.

డోర్నకల్ కాజీపేట–విజయవాడ లైన్లో జంక్షన్. బస ఖమ్మంలో పెట్టుకుని రైల్లో వెళ్లిరావడం హాయి. 1939లో ప్రతిష్ఠించిన ఈ చర్చికి గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, చూడగానే మన ఊరిదే అనిపిస్తుంది. కట్టించిన అజరయ్యగారు తిరునెల్వేలి తమిళులు, 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద పల్లెపల్లే తిరిగారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అయ్యో, నాకు కీడే)" అని తన వెంట పలికించేవారట. కూలి చేసుకునే మనిషి ఆ ఒక్క మాట నోట పెట్టుకుని ఇంటికి వెళ్లేవాడు, మర్నాడు పొలంలో పక్కవాడికి చెప్పగలిగేవాడు కూడా. గంటసేపు మైకులో అరిచినా మనవల్ల కానిది ఇదే కదా!

వెళ్లేవాళ్లు ఆదివారాన్ని డోర్నకల్‌కే ఉంచుకోండి, ఆరాధనలో ఊరివాళ్ల మధ్య కూర్చుని వినొచ్చు. మెదక్‌కి మామూలు రోజు, కిటికీల రంగులు బాగా కనపడేలా ఎండ ఉన్నప్పుడు వెళ్తే చాలు, సందర్శకుల తోపులాట లేకుండా కిటికీల ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు.