మీరు తెలుగు ఎక్కువ చదువుతారా, ఇంగ్లీషా? దాన్ని బట్టే ఈ-రీడరో, ట్యాబో కొనండి

నా దగ్గర రెండూ ఉన్నాయి, 6 అంగుళాల ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన చిన్న పరికరం) ఒకటి, 11 అంగుళాల ట్యాబ్ ఒకటి. రెండేళ్లుగా వాడుతున్నా కాబట్టి చెప్తున్నా.

ఇంగ్లీషు నవలలకైతే ఈ-రీడరే, డౌటే లేదు. రోజూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగుతాను, నిలబడి ఒక చేత్తో రాడ్ పట్టుకుని ఇంకో చేత్తో చదువుకోవచ్చు, బరువు 200 గ్రాములే కదా, ట్యాబేమో దాదాపు అరకిలో. స్టేషన్లో మొహాన ఎండ కొట్టినా అక్షరం కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే స్క్రీన్ లోపల నిజంగానే నల్ల, తెల్ల రంగు రేణువులుంటాయి, కరెంటు వాటిని పైకీ కిందికీ జరుపుతుంది, ఒకసారి పేజీ వచ్చాక అలా ఉండటానికి కరెంటే అక్కర్లేదు. అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది.

తెలుగు దగ్గరే కథ మారిపోతుంది. మనకి దొరికే పాత పుస్తకాల్లో చాలావరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉన్న స్కాన్ పీడీఎఫ్‌లే. అవి బొమ్మలు, అక్షరాలు కావు, ఫాంట్ పెంచడం కుదరదు. డెమీ సైజు, అంటే మామూలు పుస్తకం సైజు, పేజీ 14 సెంటీమీటర్ల వెడల్పుంటే 6 అంగుళాల స్క్రీన్ 9 సెంటీమీటర్లే, అంటే అక్షరం మూడో వంతుకి పైగా తగ్గిపోతుంది, ఇంగ్లీషైతే ఎలాగో లాగించొచ్చు గానీ మన ఒత్తులు, గుడులు, అదీ పాత అచ్చులో అరిగిపోయినవి, అస్సలు తెలియవు. నాన్నకి ఇస్తే పది నిమిషాల్లో తిరిగిచ్చేశారు, "ప్రతి లైనుకీ పక్కకి జరుపుకుంటూ ఏం చదువుతాంరా" అని. నాకు చాలా బాధేసింది, ఆయన కోసమే కొన్నది మరి.

ట్యాబ్‌లో అదే పేజీ అసలు సైజులో పడుతుంది. ఇప్పుడు నాన్న రోజూ మధ్యాహ్నం దాంట్లోనే చదువుతున్నారు, వైఫై ఆపేసి ఇస్తాను, నోటిఫికేషన్ల గోల ఉండదు, బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే కళ్లు లాగడం కూడా తగ్గిందన్నారు.

10 అంగుళాల ఈ-రీడర్లూ ఉన్నాయి, రేటు మాత్రం మామూలు ట్యాబ్ కంటే ఎక్కువే. కొనేముందు ఒక పని చేయండి, 9 బై 12 సెంటీమీటర్ల కాగితం కత్తిరించి, మీరు చదవాలనుకున్న స్కాన్ పేజీని ఆ సైజులో ప్రింట్ తీసుకుని చూడండి, ఒత్తులు తెలుస్తున్నాయంటే ఈ-రీడర్ తీసుకోండి.