ఇరవై వేల లిమిట్ కార్డు: ఉంచుకోవాలా, క్లోజ్ చేయాలా?

మొదటి ఉద్యోగంలో శాలరీ అకౌంట్‌తో పాటు చేతిలో పెట్టినదో, ఎఫ్‌డీ మీద తీసుకున్నదో, చాలామంది పర్సు అడుగున ఒక చిన్న క్రెడిట్ కార్డు ఉంటుంది. లిమిట్ 15 వేలు, 20 వేలు, మహా అయితే 25 వేలు. లక్ష, రెండు లక్షల లిమిట్‌తో ఇంకో కార్డు రాగానే దీన్ని పక్కన పడేస్తారు. యాన్యువల్ ఫీజు మెసేజ్ వచ్చిన రోజున మళ్లీ గుర్తొస్తుంది. తీసేద్దామంటే ఒకరు సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సవ్యంగా తీరుస్తారో చెప్పే మార్కు) పడిపోతుందని భయపెడతారు, ఇంకొకరు వాడని కార్డు దండగ అంటారు. ఈ ఎంట్రీ లెవల్ కార్డులు ఎందుకు పనికొస్తాయి, ఎక్కడ విసిగిస్తాయి, మూయబోతే ఎక్కడ చిక్కుపడతాయి అన్నదే ఈ రివ్యూ. మా మాట ముందే చెప్పేస్తున్నాం. ఫీజు లేని చిన్న కార్డుని తీసేయాల్సిన పనిలేదు. ఫీజు ఉన్నదాన్ని ఉంచుకోవాలంటే గట్టి కారణం కావాలి. ఇక స్కోరంటారా, పద్ధతిగా మూసిన కార్డు వల్ల పోయేది తక్కువ, సగంలో వదిలేసిన కార్డు వల్ల పోయేది ఎక్కువ.

ముందు ఫీజు సంగతి. యాన్యువల్ ఫీజు రూ.499 అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.588.82. కార్డు ఖర్చు మీద అర శాతం విలువైన రివార్డు పాయింట్లు ఇస్తుంటే, ఆ ఫీజు రాబట్టుకోవడానికే ఏడాదికి దాదాపు రూ.1,17,800 గీకాలి. అంటే నెలకు రూ.9,800 పైచిలుకు. 20 వేల లిమిట్ కార్డులో అది సగం. ప్రతి నెలా సగం లిమిట్ వాడుతూ పోతే ఆ వాడకమే స్కోరుకి మంచిది కాదు. చిన్న లిమిట్ కార్డుకి ఫీజు పెట్టడంలో ఉన్న తిరకాసు ఇదే. రివార్డుల కోసం వాడితే యుటిలైజేషన్ (లిమిట్‌లో వాడిన శాతం) పెరుగుతుంది, వాడకపోతే ఫీజు నష్టం. ఏడాదికి 50 వేలు ఖర్చు చేస్తే ఫీజు మాఫీ అనే షరతు ఉంటే మాత్రం కాస్త నయం. నెలకు రూ.4,200 లోపే, అంటే లిమిట్‌లో 21 శాతం. ఇంటి కరెంటు బిల్లు, మొబైల్, ఇంటర్నెట్ దాని మీద పెడితే చాలామందికి సరిపోతుంది. అయితే ఆ 50 వేల లెక్కలో అద్దె, వాలెట్ లోడింగ్, ఇంధనం లాంటివి చాలా కార్డులు కలపవు. మీ కార్డు నిబంధనల్లో ఏవి మినహాయించారో చూసుకున్నాకే ఆ లెక్క నమ్మండి.

ఇప్పుడు స్కోరు. కార్డు మూస్తే నేరుగా మారేది యుటిలైజేషన్, అంటే అన్ని కార్డుల మొత్తం లిమిట్‌లో మీరు వాడుతున్న శాతం. 20 వేల కార్డు ఒకటి, లక్షా 80 వేల కార్డు ఒకటి ఉండి, బిల్లు మొత్తం 40 వేలు వస్తోందనుకోండి. ఇప్పుడు వాడకం 20 శాతం. చిన్నది తీసేస్తే 22 శాతం. ఈ తేడాకి ఎవరూ కంగారు పడక్కర్లేదు. అదే 20 వేలది, 30 వేలది రెండే కార్డులుండి 15 వేలు వాడుతుంటే 30 శాతంగా ఉన్నది ఒక్కసారిగా 50 శాతానికి పోతుంది. కాబట్టి చిన్న కార్డు ఎంత ముఖ్యమో తేల్చేది దాని లిమిట్ ఒక్కటే కాదు, పక్కన ఇంకేం ఉన్నాయన్నది. వాడకం 30 శాతం మించకూడదని అందరూ చెప్పుకునే గీత దాటగానే స్కోరు కూలిపోదు. ఎంత తక్కువైతే అంత మంచిదనే అర్థంలో తీసుకుంటే చాలు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒకే బ్యాంకులో రెండు కార్డులుంటే చాలా బ్యాంకులు వాటికి ఉమ్మడి లిమిట్ పెడతాయి. యాప్‌లో రెండు కార్డుల కిందా అదే లిమిట్ కనిపించి, ఒకదానిలో గీకితే రెండోదానిలో కూడా తగ్గుతుంటే అది ఉమ్మడి లిమిటే. అలాంటప్పుడు ఒకటి మూసినా మీరు వాడుకోగల మొత్తం తగ్గదు. ఫీజు ఉన్నదాన్ని నిశ్చింతగా తీసేయొచ్చు.

స్కోరులో లెక్కకొచ్చే ఖాతాల వయసు మాటకొస్తే, ఆ చిన్న కార్డే మీ క్రెడిట్ చరిత్రలో అన్నిటికంటే పాతది కావచ్చు. మూసిన మర్నాడే ఆ చరిత్ర రిపోర్టులోంచి మాయమైపోదు. క్లోజ్డ్ అనే మాటతో, పాత చెల్లింపుల వివరాలతో ఉంటుంది. కానీ నడుస్తున్న ఖాతాల్లో పాతది ఒకటి తగ్గినట్టే. మీకున్నది అదొక్క కార్డే అయితే, దానికి ఫీజు లేకపోతే, మూయకండి. ఆర్నెల్లలో హోమ్ లోన్‌కి అప్లై చేసే ఆలోచన ఉన్నా సరే, లోన్ చేతికొచ్చేదాకా ముట్టుకోవద్దు. ఆ సమయంలో రిపోర్టులో ఏ చిన్న మార్పు కనిపించినా బ్యాంకు అదనపు కాగితాలు అడగొచ్చు.

ఉంచుకుంటే ఎందుకు వాడాలి? చిన్న లిమిట్‌కి రెండు మంచి ఉపయోగాలున్నాయి. ఒకటి ఆన్‌లైన్ కొనుగోళ్లు. కొత్త వెబ్‌సైట్‌లో పెద్ద కార్డు వివరాలివ్వడం కంటే దీనివి ఇస్తే, మోసం జరిగినా పోయేదానికి 20 వేల హద్దు ఉంటుంది. రెండోది, రూపే కార్డయితే యూపీఐ. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌లో లింక్ చేసుకుని దుకాణాల క్యూఆర్ స్కాన్ చేయొచ్చు. వ్యక్తుల ఖాతాలకు పంపడం మాత్రం కుదరదు. చిన్నాచితకా ఖర్చులకి ఇంతకంటే హాయిగా నడిచేది లేదు. హోటల్ బుకింగ్‌కీ, అద్దె కార్లకీ మాత్రం ఇది పనికిరాదు. డిపాజిట్ కింద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, సగం లిమిట్ దానికే పోతుంది.

అసలు వాడకుండా డ్రాయర్‌లో పెట్టుకుంటామంటే అది ఉంచుకోవడం కాదు. ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏడాదికి మించి వాడని కార్డుని మూసే ప్రక్రియ బ్యాంకే మొదలుపెట్టాలి. మీకు సమాచారం ఇచ్చి 30 రోజులు చూస్తుంది, జవాబు రాకపోతే, బాకీ లేకపోతే మూసేస్తుంది. అందుకని నెలకో చిన్న సబ్‌స్క్రిప్షన్ దాని మీద పెట్టి, బిల్లుకి పూర్తి మొత్తం ఆటో డెబిట్ పెట్టేయండి. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు మినిమమ్ డ్యూ, టోటల్ డ్యూ అని రెండు ఆప్షన్లు వస్తాయి. మినిమమ్ నొక్కారంటే వడ్డీ మీటర్ తిరగడం మొదలవుతుంది.

మూసే ముందు ఇంకో దారి కూడా చూడండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి లిమిట్ పెంచమనండి, లేదా అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకి మార్చమనండి. క్లోజ్ చేస్తానన్నాకే బ్యాంకు గొంతు మారుతుందన్నది నిజం. ఫీజు రివర్స్ చేస్తామంటారు, వోచర్ ఇస్తామంటారు. వోచర్‌తో సరిపెట్టుకోకండి. ‘లైఫ్ టైమ్ ఫ్రీ చేస్తారా, చేయరా?’ అని అడగండి. ఈ ఒక్క ఏడాదికి మాఫీ అంటే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఫోన్ చేయాలి. ఒప్పుకున్నది ఏదైనా ఈమెయిల్‌లో పంపమనండి.

తీసేయాలని తేల్చుకుంటే వరస ముఖ్యం. ఫీజు పడే నెలకి ఓ నెల ముందే మొదలుపెట్టండి. ఫీజు బిల్లులో పడ్డాక క్లోజ్ చేయమంటే ముందు అది కట్టమంటారు. ‘నేను వాడనే లేదు, ఎందుకు కట్టాలి’ అని ఆ రూ.588 కట్టకుండా పంతానికి పోవడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. డ్యూ డేట్ దాటి మూడు రోజులు మించితే లేట్ ఫీజు వేయొచ్చు, బకాయి అని క్రెడిట్ బ్యూరోకి (సిబిల్ లాంటి, స్కోరు ఇచ్చే సంస్థకి) చెప్పొచ్చు. సిబిల్ రిపోర్టులో చెల్లింపుల చరిత్ర 36 నెలల దాకా కనిపిస్తుంది. ఆరొందల కోసం మూడేళ్ల మచ్చ. కట్టేసి, రివర్సల్ అడగండి, ఇవ్వకపోతే పోట్లాడండి.

ముందు పాయింట్లు వాడేసుకోండి, మూశాక అవి పోతాయి. తర్వాత ఆ కార్డు మీద నడుస్తున్న ఆటో పేమెంట్లన్నీ వేరే దానికి మార్చండి: ఓటీటీ, మొబైల్ పోస్ట్‌పెయిడ్, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఫాస్టాగ్ రీఛార్జి. ఇన్సూరెన్స్ ఒకటి మర్చిపోయినా పాలసీ ల్యాప్స్ అయ్యే ప్రమాదం ఉంది. షాపింగ్ యాప్‌ల నుంచి రావాల్సిన రిఫండ్లుంటే అవి వచ్చేదాకా ఆగండి. మూసిన కార్డుకి రిఫండ్ వస్తే దాన్ని బ్యాంకు నుంచి రాబట్టుకోవడం పెద్ద తతంగం. ఈఎంఐలు నడుస్తుంటే మూసేటప్పుడు మిగిలిన మొత్తం ఒక్కసారే కట్టాలి, పైగా ఫోర్‌క్లోజర్ (గడువుకి ముందే తీర్చేసినందుకు వేసే) ఛార్జీ, దాని మీద జీఎస్టీ. రెండు మూడు ఈఎంఐలే మిగిలితే అవి అయ్యాకే మూయడం లాభం.

బిల్లు మొత్తం కట్టేశాం కదా, ఇంకా బాకీ ఎలా ఉంటుందని చాలామంది తెల్లబోతారు. వెనక నెలల్లో బిల్లు పూర్తిగా కట్టనివాళ్లకి ఇది తప్పకుండా ఎదురవుతుంది. స్టేట్‌మెంట్ తయారైన రోజు నుంచి మీరు డబ్బు కట్టిన రోజు వరకు వడ్డీ రోజువారీగా నడుస్తూనే ఉంటుంది, కానీ అది ఆ స్టేట్‌మెంట్‌లో కనిపించదు. నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ ఉన్న కార్డులో రూ.12 వేల బాకీని స్టేట్‌మెంట్ వచ్చిన 18 రోజులకి కడితే, ఆ 18 రోజులకి రూ.249 వడ్డీ, జీఎస్టీతో రూ.293 అవుతుంది. ఇది వచ్చే నెల బిల్లులో పడుతుంది. కార్డు పోయిందనుకుని ఎవరూ ఆ బిల్లు తెరవరు. అందుకే మందు ఒకటే. అన్నీ కట్టేశాక ఇంకో స్టేట్‌మెంట్ వచ్చేదాకా కార్డు వాడకుండా ఆగి, అందులో బాకీ సున్నా అని చూశాకే క్లోజర్ రిక్వెస్ట్ పెట్టండి. అంత ఆగలేకపోతే, ఈరోజుకి మొత్తం ఎంత కడితే ఖాతా సున్నా అవుతుందో అన్‌బిల్డ్ (ఇంకా బిల్లులోకి ఎక్కని) లావాదేవీలతో సహా కస్టమర్ కేర్‌నే చెప్పమనండి. రూపాయల్లోని పైసలు కూడా వదలొద్దు. నాలుగు రూపాయలు ఎక్కువ కట్టినా నష్టం లేదు, మూశాక మిగిలిన సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో వేయాలన్నది కూడా ఆర్‌బీఐ నియమమే.

రిక్వెస్ట్ ఎలా పెట్టాలి? హెల్ప్‌లైన్, ఈమెయిల్, ఐవీఆర్ (ఫోన్‌లో అంకెలు నొక్కే పద్ధతి), వెబ్‌సైట్ లింక్, నెట్ బ్యాంకింగ్, యాప్, ఇలా రకరకాల మార్గాలు బ్యాంకు ఇవ్వాలి. పోస్టులోనే పంపమని పట్టుబట్టకూడదు. మా ఓటు ఈమెయిల్‌కి, ఎందుకంటే తేదీ, టైమ్ రాతలో ఉంటాయి. కార్డు చివరి నాలుగు అంకెలే రాయండి, పూర్తి నంబరు, సీవీవీ ఎవరికీ పంపొద్దు. సర్వీస్ రిక్వెస్ట్ నంబరు వచ్చేదాకా మీ పని మొదలైనట్టు కాదు. ఆ తర్వాత బ్యాంకు నుంచి ఫోన్ రావొచ్చు, ఎత్తండి. కస్టమర్ దొరకలేదని రిక్వెస్ట్‌ని పక్కన పెట్టేసే చోట్లు ఉన్నాయి. బాకీ లేకుండా రిక్వెస్ట్ అందాక ఏడు పనిదినాల్లో మూయాలి. దాటితే మూసేదాకా రోజుకి రూ.500 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. అడిగితేనే వస్తుంది కాబట్టి తేదీలతో సహా లెక్క రాసి అడగండి. 30 రోజులైనా జవాబు లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు.

కార్డుని కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేస్తే కార్డు మూసినట్టు కాదని వేరే చెప్పాలా? చెప్పాలి, ఇంకా అలా చేసేవాళ్లున్నారు. యాప్‌లో బ్లాక్ చేయడం కూడా మూయడం కాదు. బ్లాక్ చేస్తే కొత్త నంబరుతో ఇంకో కార్డు ఇంటికి రావొచ్చు, ఫీజు మామూలే.

ఎఫ్‌డీ మీద తీసుకున్న కార్డయితే ఇంకో మెలిక. కార్డు నడిచినన్నాళ్లూ ఆ ఎఫ్‌డీ మీద బ్యాంకు లీన్, అంటే మీరు సొమ్ము తీసుకోకుండా తాకట్టు హక్కు, ఉంటుంది. కార్డు మూసినంత మాత్రాన ఎఫ్‌డీని పగలగొట్టాల్సిన అవసరం లేదు, లీన్ తీసేస్తే చాలు. అదే మెయిల్‌లో ‘కార్డు క్లోజ్ చేసి, ఫలానా ఎఫ్‌డీ మీద లీన్ తొలగించండి, ఎఫ్‌డీని కొనసాగించండి’ అని స్పష్టంగా రాయండి. లేదంటే గడువుకి ముందే రద్దు చేసి, వడ్డీలో కోత పెట్టి ఖాతాలో వేసే అవకాశముంది. మూశాక వారం తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ వివరాలు తెరిచి లీన్ సున్నా ఉందో లేదో చూడండి. మామూలు కార్డు ఇవ్వకుండా ఎన్నాళ్లు ఎఫ్‌డీ కార్డుతోనే నడిపించాలి అనేవాళ్లకి: ఏడాదిన్నర క్రమం తప్పకుండా కట్టాక అదే బ్యాంకుని అడగండి. మామూలు కార్డు చేతికొచ్చాకే పాతది మూయండి.

కార్డు మూశాక బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదనే పత్రం) తీసుకుని మెయిల్‌లోనే దాచుకోండి. తర్వాత రిపోర్టు చూడటం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు బ్యూరోలకి 15 రోజులకోసారైనా సమాచారం పంపాలి కాబట్టి నెలన్నర ఆగి చూస్తే సరిపోతుంది. ఖాతా పక్కన క్లోజ్డ్ అని, బ్యాలెన్స్ సున్నా అని, మూసిన తేదీతో ఉండాలి. సెటిల్డ్ అని ఉంటే ఒప్పుకోవద్దు. బాకీలో కొంత వదులుకుని మూశారని దాని అర్థం, రేపు లోన్ ఇచ్చేవాళ్లు ముందు చూసేది దాన్నే. బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ (తప్పు సరిదిద్దమనే ఫిర్యాదు) పెట్టి నో డ్యూస్ లెటర్ జత చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ రూ.100 పరిహారం అడిగే హక్కు మీకుంది.