జర్మన్ స్ట్రాంగ్ క్రియలు: పట్టిక బట్టీయమా, అచ్చుల వరుసా, వాక్యమా?

జర్మన్‌లో జరిగిపోయిన సంగతిని మాటల్లో చెప్పడానికి ఎక్కువగా వాడేది పెర్ఫెక్ట్ కాలం; ఇందులో హాబెన్ లేదా జైన్ అనే సహాయక క్రియకు అసలు క్రియ భూతరూపం తోడవుతుంది. మాఖెన్ (చేయు) వంటి వీక్ క్రియకు ముందు 'గె', చివర 'ట్' చేర్చి గెమాఖ్ట్ అంటే సరిపోతుంది. స్ట్రాంగ్ క్రియలకు చివర 'ఎన్' వస్తుంది, చాలావాటిలో నడిమి అచ్చు కూడా మారుతుంది. చిక్కంతా ఆ అచ్చు దగ్గరే.

పాఠ్యపుస్తకం చివర అక్షరక్రమంలో ఉండే ఈ క్రియల పట్టికను ఎక్కాల్లా వల్లించడం చాలామంది మొదట పట్టే దారి. అయితే బ్లైబెన్, బ్రాటెన్, బ్రెషెన్ అని పక్కపక్కనే ఉన్న క్రియలకు గెబ్లీబెన్, గెబ్రాటెన్, గెబ్రొఖెన్ అని మూడు వేర్వేరు తీరుల రూపాలు వస్తాయి కనుక, ఒకటి నేర్చినందువల్ల రెండోదానికి ఏ సాయమూ అందదు. అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఆ పట్టిక చాలు, వల్లించడానికి పనికిరాదు.

అచ్చు మారే తీరును బట్టి క్రియలను జట్టు కట్టడం ఇంతకంటే చాలా మేలు. ట్రింకెన్–గెట్రుంకెన్, ఫిండెన్–గెఫుండెన్, ష్ప్రింగెన్–గెష్ప్రుంగెన్ అని పైకి చదివితే, బిండెన్‌కు గెబుండెన్ అన్నది ఎవరూ చెప్పకుండానే నోటికి వస్తుంది. ఈ అచ్చు మార్పునే వ్యాకరణంలో ఆబ్లౌట్ అంటారు. క్రియలకు స్ట్రాంగ్, వీక్ అన్న పేర్లు పెట్టినవాడు జానపద కథలు సేకరించిన యాకోబ్ గ్రిమ్మే. అయితే శబ్దాన్ని గుడ్డిగా నమ్మకూడదు: బ్రింగెన్ ఈ జట్టులోనిదిలాగే వినిపించినా దాని రూపం గెబ్రాఖ్ట్; ఫ్లీగెన్‌కు గెఫ్లోగెన్ అయితే, అదే ప్రాస ఉన్న లీగెన్‌కు గెలేగెన్.

ఈ పద్ధతిలో అంతకంటే పెద్ద లోటు, సహాయక క్రియ కనబడకపోవడం. ష్రైబెన్, బ్లైబెన్ రెండూ ఒకే జట్టువి. కానీ ఉత్తరం రాశాను అనడానికి 'ఇష్ హాబె ఐనెన్ బ్రీఫ్ గెష్రీబెన్' అనాలి, ఇంట్లోనే ఉండిపోయాను అనడానికి 'ఇష్ బిన్ త్సు హౌజె గెబ్లీబెన్' అనాలి. తెలుగులో 'రాశాను', 'ఉండిపోయాను' ఒకే తీరున నడుస్తాయి కనుక, హాబెన్ (ఇక్కడ 'హాబె') వాడాలా, జైన్ (ఇక్కడ 'బిన్') వాడాలా అన్న ప్రశ్నే మనకు తట్టదు. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో నిలబడ్డాను అనడానికి 'బిన్ గెష్టాండెన్' అంటారు, ఉత్తరాన 'హాబె గెష్టాండెన్' అంటారు. ఇక ఏ వరుస చదివినా ఏం లాభం?

ఆ లోటును పూర్తి వాక్యం తీరుస్తుంది. కాకపోతే ఒక్కో వాక్యం ఒక్కో క్రియనే నేర్పుతుంది కనుక, వాక్యాలతో మాత్రమే సాగితే నడక మందగిస్తుంది. అందుచేత అచ్చుల జట్టుతో మొదలుపెట్టి, ఆ జట్టులోని ప్రతి క్రియకూ ఒక చిన్న వాక్యం తగిలించడమే నా దృష్టిలో మేలు. గేయెన్ (వెళ్ళు)–గెగాంగెన్ వంటివి నేర్చుకునేవారికి తేలికైన ఏ జట్టులోనూ ఇమడవు కాబట్టి, వాటిని మాత్రం నేరుగా వాక్యంలోనే నేర్చుకోవాలి.