నలుగురం కలిసి వడికే పెట్టె చరఖా: ఏళ్ల తరబడి వాడాక

పెట్టె చరఖా కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: మీతో పాటు కూర్చుని వడికేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. లేకపోతే ముందు ఒక్కరినైనా కూడగట్టుకుని ఆ తర్వాత కొనండి. ఏళ్ల తరబడి దీన్ని వాడుతూ, స్నేహితులతో కలిసి సెలవు రోజుల్లో వడుకుతూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. దీనిలోని సుఖం నలుగురిలోనే బాగా తెలుస్తుంది. ఇది పెట్టే చికాకులు కూడా నలుగురుంటేనే త్వరగా తీరతాయి.

ముందు వస్తువు సంగతి చెబుతాను. మూసి ఉంటే ఇది పిడి ఉన్న చెక్క పెట్టె, అంతే. చేత్తో పట్టుకుని బస్సెక్కొచ్చు. మూత తెరిస్తే లోపల రెండు చక్రాలు పడుకోబెట్టి ఉంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి ఒక మాల, అంటే చక్రాన్ని తిప్పే దారపు పట్టీ; చిన్న చక్రం నుంచి కదురుకు, అంటే నూలు చుట్టుకునే సన్నటి ఇనుప ఊచకు, ఇంకో సన్నటి మాల. వేగాన్ని రెండు మెట్లలో పెంచే ఈ అమరికే దీని ప్రాణం. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు పదుల చుట్లు తిరిగేస్తుంది. పత్తికి ఆ వేగం కావాలి. పత్తి పీచు పొడవు అంగుళం అటూ ఇటూ ఉంటుంది. అంత పొట్టి పీచులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని పోగుగా నిలవాలంటే పురి బాగా పడాలి. గొర్రె ఉన్నికి చేసిన చాలా రాట్నాల మీద సన్న పత్తి వడకడం కష్టమయ్యేది ఇందుకే.

పెట్టెలో పట్టే ఈ రూపం 1930ల తొలినాళ్లది. గాంధీ పుణె దగ్గరి ఎరవాడ జైల్లో ఉన్న రోజుల్లో రూపుదిద్దుకుంది కాబట్టి దీనికి ఎరవాడ చక్రం అని పేరు. అంతకు ముందే, 1929లో, అఖిల భారత చరఖా సంఘం మెరుగైన చరఖా తయారు చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. దాని షరతులు చదివితే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) 16,000 అడుగులు రావాలి. ఖరీదు 150 రూపాయలు దాటకూడదు. వేళకు మరమ్మతు చేసుకుంటూ పోతే 20 ఏళ్లు ఆగకుండా నడవాలి. ఆ లెక్కన గంటకు 2,000 అడుగులు, అంటే 600 మీటర్ల పైమాట. కబుర్లు చెప్పుకుంటూ వడికే మాలాంటి వాళ్లం దాని దరిదాపుల్లోకి కూడా పోము, పోవాల్సిన పనీ లేదు. 20 ఏళ్ల షరతును మాత్రం నేను గట్టిగా పట్టుకున్నాను. చరఖాను తూచడానికి అంతకంటే మంచి కొలత నాకు కనపడలేదు.

ఆ కొలతకు నా పెట్టె ఎంతవరకు నిలిచింది? చెక్క బాగుంది. చక్రాలు బాగున్నాయి. ఇరుసులకు అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు, చప్పుడు లేకుండా తిరుగుతాయి. అరిగేవి మాలలు, వంగేది కదురు. మాల తెగడం పెద్ద సమస్య కాదు, గట్టి నూలు దారం ముడివేసి మనమే చేసుకోవచ్చు. ముడి మాత్రం చిన్నదై ఉండాలి. లేదంటే కప్పీ మీదికి వచ్చినప్పుడల్లా కదురు చిన్నగా ఎగిరి పడుతుంది, సరిగ్గా అక్కడే పోగు తెగుతుంది. మాల జారుతుంటే కాస్త తేనె మైనం రుద్దితే పట్టు వస్తుంది. వానాకాలంలో మాల బిగుతు మారిపోతుంది, పెట్టె మూత కూడా ఉబ్బి బిగుసుకుంటుంది. ఎండాకాలంలో గాలి బాగా పొడిగా ఉన్న రోజున పోగు మాటిమాటికీ తెగుతుంది. పత్తికి కొంచెం తేమ ఉంటేనే మాట వింటుంది. మేం అలాంటప్పుడు గదిలో తడిబట్ట ఆరేసుకుని కూర్చుంటాం.

కదురు వంగిందంటే ఆ రోజుకు పని ఆగినట్టే. కంటికి ఆనని వంపు చాలు, వేగంగా తిరిగేటప్పుడు కొస వణుకుతుంది, చేతికి జిలగా తగులుతుంది. మా వాళ్లలో ఒకాయన లేత్ మెషిన్ పనిచేసినవాడు, కదురును అద్దం మీద దొర్లించి ఎక్కడ వంగిందో చెప్పేస్తాడు. ఆయన సరిచేసిన కదుళ్లు కొత్తవాటికంటే బాగా తిరుగుతాయి. ఇందాక నలుగురూ ఉంటే చికాకులు తీరతాయి అన్నానే, అలాంటి సాయం గురించే.

ఇక వడకడం. నేర్చుకునేవాళ్ల చూపంతా చక్రం మీదే ఉంటుంది. మాలో పెద్దావిడ, రిటైరైన టీచరమ్మ, ఎవరు కొత్తగా వచ్చినా ఒకే మాట అంటారు: "చక్రాన్ని వదిలెయ్యమ్మా, నీ ఎడమ చెయ్యి చూసుకో." కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమ చెయ్యి ఏకును, అంటే వడకడానికి చుట్టిన దూది వత్తిని, పట్టుకుని మెల్లగా వెనక్కి జరుగుతుంది. పోగు కదురు కొసకు ఏటవాలుగా ఉండాలి. అప్పుడు కదురు తిరిగిన ప్రతిసారీ పోగు కొస మీంచి జారి ఒక్కో పురి పడుతుంది. టిక్ టిక్ మని చిన్న చప్పుడు వస్తుంది. పురి పోగు వెంట పాకుతూ ఏకు దాకా వచ్చే క్షణం వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు బిగించి పట్టుకుంటే పురి అక్కడే ఆగిపోయి పోగు మెలికలు పడుతుంది. మరీ వదులైతే పురి ఏకులోకి దూరిపోతుంది, ముద్ద కడుతుంది. ఈ రెంటి మధ్య పట్టు దొరికాక చెయ్యి దానంతటదే చాచినంత దూరం పోతుంది, వెనకాల సన్నటి పోగు సమంగా సాగి వస్తుంది. ఆ తర్వాత కొంచెం పురి అదనంగా ఇచ్చి, చక్రాన్ని అర చుట్టు వెనక్కి తిప్పి, కొస మీద ఉన్న చుట్లు విప్పి, పోగును కదురుకు అడ్డంగా తెచ్చి కండెగా చుట్టాలి. ఆ అర చుట్టు వెనక్కి తిప్పడం కుదిరిన రోజు నుంచి వడకడం హాయిగా ఉంటుంది.

మాలో ఒకమ్మాయిది ఎడమచేతి వాటం. ఈ చరఖా తనకు కుదరదేమోనని మొదట్లో చాలా టెన్షన్ పడింది. తీరా చూస్తే నేర్పు కావాల్సింది ఎడమ చేతికే కదా, అందరికంటే ముందు సన్నపోగు తీసింది తనే.

చరఖా ఎంత మంచిదైనా ఏకులు బాగా లేకపోతే లాభం లేదు. ఈ హాబీలో డబ్బు దేని మీద పెట్టాలని అడిగితే, చరఖాకు మధ్యరకం సరిపోతుంది, ఏకులు మాత్రం మేలైనవి కొనమంటాను. ఒకచోట నుంచి తెప్పించుకున్న ఏకులు గట్టిగా నొక్కుకుపోయి, లోపల నలకలతో వచ్చాయి. వాటితో ఎంత అనుభవమున్నవాళ్లకైనా పోగు ఉండలు కట్టింది. అప్పటి నుంచి మేం దూది తెచ్చుకుని మేమే ఏకుతున్నాం. గింజ తీసిన పత్తిని ఎండలో కాసేపు ఆరబెట్టి, వేళ్లతో విప్పి, సన్నటి తీగ పళ్లున్న చేతి పలకల మీద ఏకి (దువ్వి), సన్నటి పుల్ల చుట్టూ వదులుగా చుట్టి పుల్లను లాగేస్తాం. ఒక్కరే చేస్తే విసుగొచ్చే పని ఇది. ఒకరు విప్పుతూ, ఒకరు ఏకుతూ, ఇంకొకరు చుడుతూ ఉంటే పూట ఎలా గడిచిందో తెలియదు. ఏకేటప్పుడు ధూళి లేస్తుంది, మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ భాగానికి దూరంగా ఉండి నేరుగా వడకడంలోకి రావడం మంచిది.

ఏకుల విలువ తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీని చూడాలి. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరస పీచుల్ని తిన్నగా తీర్చి నలకల్ని వదిలిస్తుంది. అంత శుద్ధి చేశారు కాబట్టే 100 నంబరు నూలు చేత్తో వడకగలుగుతున్నారు. నూలు నంబరు తెలియనివాళ్లకు చెబుతాను: ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (చుట్టలుగా తీసిన నూలు) ఎన్ని వస్తే అది అంత నంబరు. 20 నంబరు అంటే గ్రాముకు సుమారు 34 మీటర్లు. 100 నంబరు అంటే గ్రాముకు 170 మీటర్ల దాకా. ఒక్క గ్రాము దూది నుంచి! ఆ బట్టను వేళ్ల మధ్య పట్టుకున్నాక నాకు ఆ వడికే ఆడవాళ్ల మీద గౌరవం మాటల్లో చెప్పలేనంత పెరిగింది. మనం సరదాకి చేసే పనిని వాళ్లు బతుకుతెరువుగా, ఇంత నిష్ఠగా చేస్తున్నారు. అందుకే మా ఇళ్లలో ఖాదీ కొనేటప్పుడు బేరం ఆడం.

వడికిన నూలుతో ఏం చేస్తారని అందరూ అడుగుతారు. లెక్క చూద్దాం. 16 అంగుళాల చదరపు చేతిరుమాలు, అంగుళానికి 50 పోగులనుకుంటే, పడుగు (నిలువు పోగులు) 800, పేక (అడ్డం పోగులు) 800. మొత్తం 650 మీటర్ల నూలు. 20 నంబరైతే 19 గ్రాములు, పైన కొంత వృథా. అంటే నలుగురం కలిసి వడికితే ఒక రుమాలుకు సరిపడా నూలు త్వరగానే పోగవుతుంది, ఒక్కరమే అయితే చాలా రోజులు పట్టేది. కానీ నలుగురి నూలు నాలుగు రకాలుగా ఉంటుంది, ఒకరిది లావు, ఒకరిది సన్నం. దాన్ని మేం ఇలా సర్దుకున్నాం: బాగా పురి ఉన్న గట్టి నూలు పడుగుకు, మెత్తటిది పేకకు. మాకు నేసిపెట్టే నేతన్న చిలప చేతిలోకి తీసుకుని, రెండు చేతుల మధ్య ఒక్కసారి చటుక్కున లాగి చూసి ఏది దేనికో తేల్చేస్తాడు. పడుగుకు గంజి పెట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

చిలపలను నేతకు ఇచ్చే ముందు కొద్దిగా సబ్బు వేసిన నీళ్లలో ఉడకబెట్టాలి. పత్తికి సహజంగా ఉండే మైనం, మురికి వదిలి నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. పురి కూడా కుదురుకుంటుంది. ఈ పని ఎగ్గొడితే నూలు మెలికలు తిరిగి ప్రాణం తీస్తుంది.

క్రోషే అల్లేవాళ్లు మాలో ఇద్దరున్నారు. వాళ్లకు ఒంటి పోగు పనికిరాదు. చక్రాన్ని వ్యతిరేక దిశలో తిప్పి రెండు, మూడు పేటలు కలిపి పేనుకుంటారు. పెట్టె చరఖా మీద పేనడం నాకు అంత నచ్చలేదు. కదురు మీద పట్టే నూలు తక్కువ, కాస్తలోనే నిండిపోతుంది. పేనడానికి పెద్ద తకిలీ (చేత్తో తిప్పే కదురు) వాడుకోవడం సుఖం. ఉన్ని విషయంలోనూ అంతే. ఒకసారి గొంగడికి వాడే దక్కనీ గొర్రె ఉన్ని తెచ్చుకున్నాం, నల్లటిది, బిరుసుది, చాలా అందమైనది. దాన్ని ఈ కదురు మీద వడకబోతే పురి మరీ ఎక్కువై తాడులా తయారైంది. అదే ఉన్ని కాలితో తొక్కే రాట్నం మీద, తకిలీ మీద చక్కగా వచ్చింది. ఉన్ని మీదే మీ మనసుంటే ఈ పెట్టె కొనకండి, ఇది పత్తికి పుట్టినది.

అసలు ఏమీ తెలియనివాళ్లు తకిలీతో మొదలుపెట్టినా నష్టం లేదు. ఖర్చు బాగా తక్కువ, జేబులో పడుతుంది, వేళ్లకు పురి అంటే ఏమిటో అది నేర్పినట్టు ఏదీ నేర్పదు. అంబర్ చరఖా, అంటే ఒకేసారి చాలా కదుళ్లు తిరిగేది, ఉత్పత్తి కోసం చేసినది. దాని మీద నాలుగు కబుర్లు చెప్పుకుంటూ వడికే సరదా ఉండదు, పని అలాంటిది. నిలువు చక్రం ఉన్న పెద్ద రాట్నం మీద పని హాయిగా సాగుతుంది, పెద్ద చక్రం కాబట్టి చెయ్యి అలవదు. కాకపోతే దాన్ని మోసుకుని స్నేహితుల ఇంటికి పోలేం. పెట్టె గెలిచేది అక్కడే. ఎవరింట్లో కూర్చున్నా ఎవరి పెట్టె వాళ్లు తెచ్చుకుంటారు, విప్పి కదురు బిగించుకోవడం నిమిషాల పని. చప్పుడు తక్కువ కాబట్టి మాట స్పష్టంగా వినపడుతుంది. చేతులకు పని ఉండటంతో ఫోను ముట్టుకోవాలని కూడా అనిపించదు. ఇంట్లో ఇబ్బందులున్న స్నేహితురాలు ఒకామె ఎదురుగా కూర్చుని అడిగితే ఎప్పుడూ చెప్పని విషయాలు, చూపు పోగు మీద పెట్టుకుని, వడుకుతూ వడుకుతూ మాకు చెప్పుకుంది. అందుకోసమైనా ఈ పెట్టె నాకు ప్రియమైనది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేల మీద కూర్చోవడం కష్టం. పెట్టెను ఎత్తు తక్కువ బల్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చోవచ్చు, మా టీచరమ్మగారు అలాగే వడుకుతారు. ఎడమ చెయ్యి పైకి లాగే దూరం కొంచెం తగ్గుతుంది, అంతే.

కొనేటప్పుడు షాపులోనే పెట్టె విప్పించండి. చక్రాన్ని ఒకసారి తిప్పి వదిలేస్తే ఎక్కడా రాసుకోకుండా కొంతసేపు తిరగాలి. మాలలు తిన్నగా పోతున్నాయో లేదో పక్క నుంచి చూడండి, వంకరగా ఉంటే మాల ఊరికే పడిపోతుంది. కదురును చదునైన గాజు మీద దొర్లించి చూడండి. చిలప చుట్టే చట్రం పెట్టెలోనే వస్తుందేమో అడగండి, కొన్నింటిలో ఉండదు. విడిగా రెండు కదుళ్లయినా తీసుకోండి. ఒకటి వంగినా పని ఆగదు, ఒక కండె నిండగానే రెండోది ఎక్కించి వడుకుతూ పోవచ్చు.