బూస్ట్రిక్స్ సూది: వేసే వారం, వేసే తీరు

"టీటీ వేయించాం కదా, మళ్లీ ఇదెందుకు?" గర్భిణి ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. టీటీ ధనుర్వాతానికి మాత్రమే. బూస్ట్రిక్స్ టీకా ధనుర్వాతం, డిఫ్తీరియా (కంఠసర్పి)లతో పాటు కోరింత దగ్గుకూ పనిచేస్తుంది. గర్భిణికి దీన్ని వేసేది ముఖ్యంగా ఆ మూడోదాని కోసమే. బిడ్డకు సొంతంగా కోరింత దగ్గు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మొదలు కాదు. ఈలోగా కోరింత దగ్గు సోకితే పసికందుకు గట్టిగా దగ్గే శక్తి కూడా ఉండదు, ఊపిరి ఆగి ఒళ్లు నీలంగా మారవచ్చు. తల్లిలో పుట్టిన యాంటీబాడీలు (రోగంతో పోరాడే ప్రొటీన్లు) మాయ ద్వారా చేరి ఆ ఖాళీని నింపుతాయి.

అందుకే వారం లెక్క ముఖ్యం. అమెరికా సిఫారసు ప్రకారం 27 నుంచి 36 వారాల మధ్య, వీలైతే మొదట్లోనే వేయించాలి. యాంటీబాడీలు బాగా పెరగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. 39వ వారంలో వేయిస్తే బిడ్డకు చేరేది తక్కువే. తల్లిలో ఈ యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి కాబట్టి ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించాల్సిందే. ఈ మందులో లోటు అదే.

మందు నింపిన సిరంజిగా వస్తుంది, మోతాదు 0.5 మి.లీ. కొలిచే పని లేకపోవడం పెద్ద సుఖం. కదలకుండా ఉంచితే అడుగున తెల్లని మడ్డి, పైన తేట నీరు కనిపిస్తాయి. పాడైందని భయపడక్కర్లేదు, అంతా ఒకేలా తెల్లగా కలిసేదాకా బాగా ఊపాలి. ఊపినా ఉండలు కరగకపోతే వాడకూడదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకడితే, టీకా పనిని పెంచేందుకు కలిపిన అల్యూమినియం కణాలు ముద్దకట్టి మందు బలం పోతుంది. కరిగించినా తిరిగి రాదు, పారేయాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది భుజం దగ్గరే. జాకెట్టు బిగుతు చేతిని పైకి మడిస్తే సూది మరీ పైన పడి కీలుకు తగలవచ్చు, అప్పుడు నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. చెయ్యి పూర్తిగా బయటికి తీసి, ఒళ్లో వదులుగా పెట్టుకోవాలి. భుజం ఎముక కొనకు రెండు మూడు వేళ్ల కింద, కండలోకి నిటారుగా దించాలి. తర్వాత ఒకటి రెండు రోజులు చెయ్యి లాగడం, అలసట మామూలే. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోవచ్చు, కానీ డాక్టరుకు చెప్పాలి. సూది వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోవాలి. మునుపు ఇలాంటి టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పి తీరాలి.

ధనుర్వాతానికి రెండు డోసులు కావలసినవారికి అందులో ఒకటి దీనితోనే సరిపోతుంది, రెంటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఫ్లూ సూది అదే రోజు రెండో చేతికి వేయించుకోవచ్చు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు మాత్రం కాన్పయ్యాకే.

గర్భిణులకు దీన్ని సందేహం లేకుండా సూచిస్తాం. కార్డులో తేదీ, బ్యాచ్ నంబరు రాయించుకోండి. నెలలు నిండకుండా కాన్పయితే, సూది వేసి రెండు వారాలు దాటిందో లేదో పిల్లల డాక్టరుకు తెలిసేది ఆ తేదీని బట్టే.